‘వ్యక్తిగత కారణాల’ పేరిట వదులుకుంటున్న పదోన్నతులు

సంపాదకులకు,

నమస్కారం. ప్రభుత్వ కార్యాలయాల్లోనూ బ్యాంకుల్లోనూ గుమాస్తా స్థాయిలో స్త్రీలు ఎంతమంది కనిపిస్తున్నారో, సంతకం పెట్టే అధికారం ఉన్న గదుల్లో అంతమంది ఎందుకు కనిపించడం లేదని అడిగితే, మన జిల్లాల్లో తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: ‘మేం ఇస్తామన్నాం, వాళ్లే వద్దని రాసిచ్చారు.’ రాసిచ్చిన మాట నిజమే. అయితే ఆ కాగితం ఏ పరిస్థితిలో, ఎంత వ్యవధిలో రాయవలసి వచ్చింది, దాంట్లోని వాక్యాలు అసలు ఎవరివి అన్న ప్రశ్నలు మాత్రం ఏ సమీక్షా సమావేశంలోనూ రావు. కడప, అనంతపురం జిల్లాల్లో ఒక ప్రభుత్వ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా మినిస్టీరియల్ (ఫైళ్లు, లెక్కలు చూసే ఆఫీసు) ఉద్యోగం చేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఈ విషయం గురించి నాకు తెలిసినంత వరకు మీ పాఠకుల ముందుంచాలనుకుంటున్నాను.

మొదట, ‘ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి ఆలస్యంగా వచ్చారు, సీనియారిటీ వస్తే వాళ్లూ పైకి వస్తారు’ అనే వాదన సంగతి తేల్చుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లోనే నేరుగా జరిపే నియామకాల్లో స్త్రీలకు కనీసం 30 శాతం ప్రాధాన్యం ఇస్తూ నిబంధన చేసింది. ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొందరు కోర్టుకు వెళ్తే, 15వ అధికరణంలోని మూడో క్లాజు స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు అవకాశం ఇస్తోందని చెబుతూ సుప్రీంకోర్టు 1995లో దాన్ని సమర్థించింది. తర్వాత ఆ వాటా మూడో వంతుకు పెరిగింది. అంటే ఆ నిబంధన కింద మొదట్లో జూనియర్ అసిస్టెంట్లుగా చేరిన అమ్మాయిలు ఈపాటికి పింఛను తీసుకుంటున్నారు. సీనియారిటీ ఒక్కటే కొలమానమైతే, వాళ్లు వచ్చిన నిష్పత్తిలోనే పై పోస్టుల్లోనూ కనిపించి ఉండాలి. రిజర్వేషన్ చేరికకే గానీ పదోన్నతికి కాదన్నది నిజమే. కానీ సీనియారిటీ జాబితా స్త్రీ పురుషులకు ఒకటే కదా, మరి దారిలో వాళ్లు ఎక్కడ ఆగిపోయారు?

నేను చూసినంత వరకు వాళ్లు ఆగిపోయింది ఎంపిక కమిటీ దగ్గర కాదు, అంతకు ముందే. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కింది స్థాయి పోస్టులు జిల్లా పరిధిలోనూ, వాటి పైవి జోన్ పరిధిలోనూ ఉండేవి; కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాలు కలిసి నాలుగో జోన్. అంటే పై పోస్టుకు పదోన్నతి వస్తే ఆ నాలుగు జిల్లాల్లో ఎక్కడికైనా వేయవచ్చు. నా సర్వీసంతా ఆ పద్ధతిలోనే గడిచింది. ఆదోని నుంచి కుప్పం దాకా ఒకే జోన్ అంటే ఏమిటో రాయలసీమ బస్సుల్లో తిరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అనంతపురం నుంచి కర్నూలుకే దాదాపు 150 కిలోమీటర్లు, అదీ జాతీయ రహదారి మీద; రాయదుర్గంలో సంసారం ఉన్న మనిషిని చిత్తూరు జిల్లా చివరకు వేస్తే రోజూ వెళ్లి రావడమన్న మాటే ఉండదు. జీతంలో పెరిగేది ఒక ఇంక్రిమెంటు, కొంచెం అటూ ఇటూ. కొత్త ఊళ్లో అద్దె, రెండు వంటిళ్లు, వారం వారం ప్రయాణ ఖర్చులు కలిపితే ఆ పెరిగింది మిగలదు.

ఇక వద్దని రాసివ్వడం ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆఫీసు బయటి వాళ్లకు ఇది తెలియదు. ప్యానెల్ (ఆ ఏడాది పదోన్నతి ఇవ్వవలసినవారి జాబితా) తయారవుతున్నట్టు పైనుంచి ఫోను వస్తుంది. అర్హుల జాబితాలో ఉన్నవాళ్లు తమ అంగీకారాన్నో అనంగీకారాన్నో సాయంత్రంలోగా రాసివ్వాలంటారు. ఖాళీలు ఏయే ఊళ్లలో ఉన్నాయో ఆ కాగితంలో ఉండదు. అడిగితే ‘ముందు మీరు విల్లింగో కాదో చెప్పండి మేడం, పోస్టింగు తర్వాతి మాట’ అంటారు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ (ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే) గుమాస్తా దగ్గర ఆ అనంగీకార పత్రం కంప్యూటరులో సిద్ధంగా ఉండేది. ‘నా వ్యక్తిగత, కుటుంబ కారణాల దృష్ట్యా ప్రస్తుతం పదోన్నతి స్వీకరించలేనని తెలియజేసుకుంటున్నాను’ అన్న వాక్యం, దాని కింద పేరుకూ హోదాకూ చుక్కలు. ఆ గుమాస్తాకు ఏ దురుద్దేశమూ లేదు, పని తొందరగా అవుతుందని అలా పెట్టుకున్నాడు. చదువుకుని, శాఖాపరమైన పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా పాసై, చంకలో బిడ్డతో అకౌంట్ టెస్టు రాసిన మనిషి కూడా మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటికి ఒక ఫోను చేసి, వచ్చి ఆ చుక్కల మీద సంతకం పెట్టేది. ఫైలులో మిగిలేది ఆ ఒక్క కాగితమే. ఒకసారి లిఖితపూర్వకంగా వద్దన్నాక మళ్లీ హక్కుగా అడగడానికి సామాన్యంగా వీలుండదు. వెనక ఉన్న జూనియర్ ముందుకు వెళ్లిపోతాడు, ఆ తర్వాత ఆయనే ఆమెకు అధికారి అవుతాడు. బ్యాంకుల్లో పనిచేసే మా బంధువర్గంలోని స్త్రీలు చెప్పేదీ దాదాపు ఇదే కథ: క్లరికల్ నుంచి ఆఫీసరు కేడరుకు పరీక్ష రాయమని బ్రాంచి మేనేజరే ప్రోత్సహిస్తాడు, కానీ పాసైతే ఊరు కాదు, రాష్ట్రమే మారవచ్చునని తెలిసి దరఖాస్తే పెట్టరు. పరీక్షే రాయని వాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఆ మధ్యాహ్నం ఫోనులో ఏం మాట్లాడుకుంటారో ఊహించడం కష్టం కాదు. భర్తకు పదోన్నతి వచ్చి వేరే ఊరికి వేస్తే ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకుంటారు. ఆయన అక్కడ ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్తాడు, దానికి ఎవరూ నొచ్చుకోరు. అదే భార్యకు వస్తే, పదో తరగతి పిల్లవాడి సంగతేమిటి, అత్తగారి షుగరు మందులెవరు చూస్తారు, ఒంటరిగా గదిలో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. ఆ ప్రశ్నలు అబద్ధమని నేను అనడం లేదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తుంటే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 289 నిమిషాలనూ మరొకరు అందుకునే ఏర్పాటు లేనంత వరకు దూరపు పోస్టింగు ఆమెకు నిజంగానే అసాధ్యం. అయితే దాన్ని ‘వ్యక్తిగత కారణం’ అని ఎలా అంటాం? ఒక ఆఫీసులో ఒకరికి అలా జరిగితే వ్యక్తిగతం. నాలుగు జిల్లాల్లో, శాఖ తర్వాత శాఖలో, అదే వయసు స్త్రీలకు అదే మెట్టు దగ్గర అలాగే జరుగుతుంటే అది ఉద్యోగ నిర్మాణంలోని లోపం.

అమెరికాలో మెకిన్సీ అనే సలహా సంస్థ, స్త్రీల ఉద్యోగ జీవితం మీద పనిచేసే లీన్ ఇన్ సంస్థ కలిసి ఏటా ప్రకటించే నివేదిక 2024లో చెప్పిన లెక్క ప్రకారం, మొదటిసారి మేనేజరుగా పదోన్నతి పొందే పురుషులు 100 మంది ఉంటే స్త్రీలు 81 మందే ఉన్నారు. అక్కడి స్త్రీలకు ఆ తొలి అడుగులోనే తేడా వస్తుంది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో తొలి పదోన్నతి చాలావరకు సీనియారిటీతో ఉన్న ఊరి చుట్టుపక్కలే వస్తుంది కనుక అక్కడ పెద్దగా తేడా కనిపించదు; ఊరు మారే పదోన్నతి దగ్గరే కనిపిస్తుంది. అందువల్ల అక్కడి పరిష్కారాలను ఇక్కడికి తెచ్చుకుంటే సరిపోదు, మన లోపం ఉన్న చోటే సరిచేసుకోవాలి.

రెండో సంగతి, ఏ సీటు ఎవరికి ఇస్తారన్నది. ఆఫీసులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు, అన్ని సెక్షన్లూ సమానం కావు. ఎస్టాబ్లిష్‌మెంటు, అకౌంట్సు, టెండర్లు, కోర్టు కేసులు చూసిన వాళ్లకే నియమాలు ఒంటబడతాయి, జిల్లా అధికారి దృష్టిలో పడతారు, రేపు ఖాళీ ఏర్పడితే ఎఫ్.ఏ.సి. (ఆ పోస్టు పూర్తి అదనపు) బాధ్యతలు వాళ్లకే అప్పగిస్తారు. టపాలు, రికార్డు రూము, గ్రీవెన్సు అర్జీల నమోదు వంటి సీట్లు ఏళ్ల తరబడి స్త్రీల దగ్గరే ఉంటాయి. ‘టైముకు వెళ్లిపోవచ్చు గదమ్మా, మీకే మంచిది’ అని దయతోనే ఇస్తారు. ఆ దయకు మూల్యం పదేళ్ల తర్వాత తెలుస్తుంది, ‘ఆమెకు బడ్జెటు ఫైలు చూసిన అనుభవం లేదు’ అని ఒకరు నోట్‌లో రాసినప్పుడు. ఇక మంత్రిగారి పర్యటనకు బొకేలు, పదవీ విరమణ సభకు శాలువాలు, చందాల వసూలు, ఆఖరికి మార్చి 8న తమ సన్మానానికి తామే కుర్చీలు సర్దుకోవడం, ఇవన్నీ ఎవరికి పడతాయో చెప్పనవసరం లేదు. లిండా బాబ్కాక్, మరికొందరు ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎవరో ఒకరు చేయక తప్పని, చేసినా పదోన్నతికి ఉపయోగపడని పనులకు పురుషుల కంటే స్త్రీలనే 44 శాతం ఎక్కువగా అడుగుతున్నారని తేలింది. అడిగింది స్త్రీలైనా పురుషులైనా ఫలితం అదే. నేను సెక్షన్ అధికారిగా ఉన్నప్పుడు సీట్లను రెండేళ్లకొకసారి తప్పనిసరిగా మార్చాలని పట్టుబట్టాను. మొదట గొణిగింది మగవాళ్లు మాత్రమే కాదు, స్త్రీలు కూడా గొణిగారు. ఆరు నెలలు గడిచాక టపాల సీటు నుంచి అకౌంట్సుకు వచ్చిన ఒకామె, ఆడిట్ వాళ్లు లేవనెత్తిన పాత అభ్యంతరాలకు ఒక్కొక్కదానికి వోచర్లు వెతికి జవాబులు తయారుచేసి, చాలాకాలంగా తేలని ఆడిట్ పేరాలు (అభ్యంతరాలు) తేల్పించింది.

ప్రైవేటు రంగంలో సీనియారిటీ అనే కాస్త రక్షణ కూడా లేదు. మన పట్టణాల్లోని కార్పొరేటు పాఠశాలల్లో పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది స్త్రీలే. ప్రిన్సిపాల్ దాకా కొందరు వస్తారు. ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజరు), జోనల్ ఇన్‌ఛార్జి అనేసరికి పురుషుల పేర్లు మొదలవుతాయి. ఆసుపత్రులు, బట్టల షోరూములు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు కర్మాగారాల ఆఫీసులు, ఎక్కడ చూసినా ఇంచుమించు ఇంతే. అడిగితే ‘ఆమె పని బాగానే చేస్తుంది గానీ, పై స్థాయికి తట్టుకోగలదా’ అంటారు. ఈ ‘తట్టుకోగలదా’ అన్న సందేహం ఎంత పని చేస్తుందో ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థకు చెందిన దాదాపు 30,000 మంది ఉద్యోగుల రికార్డులను బెన్సన్, లీ, షూ అనే పరిశోధకులు పరిశీలించి చూపించారు. చేసిన పనికి ఇచ్చే మార్కుల్లో స్త్రీలు పురుషుల కంటే ముందున్నారు. మున్ముందు ఎదగగల శక్తికి పై అధికారులు వేసే అంచనా మార్కుల్లో మాత్రం వెనకబడ్డారు. వాళ్లకు పదోన్నతి వచ్చే అవకాశం పురుషుల కంటే 14 శాతం తక్కువగా ఉంది, దానికి ఈ అంచనా మార్కులు కూడా ఒక ముఖ్య కారణం. అంచనా తక్కువ వేయించుకున్న ఆ స్త్రీలే తర్వాతి ఏడాది అంచనాను మించి పనిచేశారట. చేసిన పనికి సాక్ష్యం కావాలి గానీ చేయబోయే పని మీద అనుమానానికి ఏ సాక్ష్యమూ అక్కర్లేదన్నమాట.

మన దగ్గర ఆ అనుమానానికి జవాబు కళ్లెదుటే ఉంది. 1975లో మొదలైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం నడుస్తున్న స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజరు నుంచి ప్రాజెక్టు డైరెక్టరు దాకా ఎక్కువగా స్త్రీలే. మంత్రాలయం, హొళగుంద వైపు మారుమూల పల్లెలకు వెళ్లి తనిఖీలు చేసేదీ, సరుకు తక్కువ వస్తే కాంట్రాక్టరును నిలదీసేదీ వాళ్లే. కర్నూలు పక్కనే ఓర్వకల్లులో పొదుపు లక్ష్మి ఐక్య సంఘం స్త్రీలు, ఎక్కువ చదువుకోని వాళ్లు సైతం, పొదుపులూ అప్పులూ వసూళ్లూ తామే నిర్వహించి దేశం నలుమూలల నుంచీ చూడటానికి జనం వచ్చేలా చేశారు. డబ్బు వ్యవహారం, క్షేత్ర పర్యటన, పంచాయితీ తీర్చడం వాళ్లకు రాదనే మాట మన సీమలో చెల్లదు. వచ్చిన చిక్కల్లా ఏర్పాట్లలోనే ఉంది. చాలా మండల కార్యాలయాల్లో స్త్రీలకు పనికొచ్చే మరుగుదొడ్డి లేదు. ఉన్న చోట తాళం చెవి అటెండరు జేబులో ఉంటుంది. మే నెల ఎండలో కూడా నీళ్లు తాగకుండా పర్యటన ముగించుకునే మహిళా అధికారులను నేనెరుగుదును. ఇటువంటి చోట పని చేయడానికి ఇష్టపడలేదని ఆమె మీద నింద వేయడం న్యాయమా?

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. దేశంలో తొలి మహిళా విదేశాంగ అధికారి సి.బి. ముత్తమ్మ తనకు పదోన్నతి నిరాకరించారని సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్త్రీ అధికారి పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలని, పెళ్లయ్యాక అవసరమైతే రాజీనామా చేయించవచ్చని ఉన్న నిబంధనలను 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీవ్రంగా ఆక్షేపించారు. తీర్పు వెలువడేలోగానే ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చేసింది. సైన్యంలోని మహిళా అధికారుల శాశ్వత కమిషన్ (కొన్నేళ్లకే ముగియకుండా పదవీ విరమణ దాకా కొనసాగే ఉద్యోగం) వ్యవహారంలో 2021 మార్చిలో వచ్చిన తీర్పు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. కాగితం మీద అందరికీ ఒకేలా కనిపించే కొలమానం ఫలితంలో ఒక వర్గాన్ని దెబ్బతీస్తే అది పరోక్ష వివక్షేనని కోర్టు అందులో స్పష్టం చేసింది. ఎలాగూ ఆ స్త్రీలు పైకి వెళ్లరన్న భావనతో వాళ్ల వార్షిక రహస్య నివేదికలను (సీ.ఆర్.లను) అధికారులు మొక్కుబడిగా రాశారని కూడా గుర్తించింది. మన ఆఫీసుల్లో సీ.ఆర్.లు రాసినవాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు.

ఇక నిర్దేశించిన కొన్ని తరగతుల కంపెనీల బోర్డుల్లో ఒక స్త్రీ అయినా ఉండాలని 2013 కంపెనీల చట్టం పెట్టిన నియమం పైఅంతస్తుకు సంబంధించింది. దానివల్ల మధ్య అంతస్తుల్లో ఏమీ మారలేదు. రైల్వే బోర్డు 1905లో ఏర్పడితే దాని అధ్యక్ష స్థానంలో ఒక స్త్రీ కూర్చోవడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది. తొలి మహిళ ఫలానా అని పత్రికలు రాసినప్పుడు సంతోషించవలసిందే గానీ, గుంతకల్లు డివిజనులోనో మరో చోటో మధ్య స్థాయిలో ఎంతమంది ఉన్నారన్న లెక్క ఆ వార్తతో తేలదు.

మగవాళ్లు మాత్రం పదోన్నతులు వదులుకోవడం లేదా అని కొందరు అడుగుతారు. వదులుకుంటున్నారు, పొలం ఉందనో, ముసలి తల్లిదండ్రులున్నారనో, కొన్ని సీట్లలోని రాబడి వదల్లేకనో (ఈ చివరిది ఎవరూ కాగితం మీద రాయరు). అలాంటి వాళ్లకూ నేను కోరుతున్న మార్పులు మేలే చేస్తాయి. స్త్రీలకు ప్రత్యేకంగా పదోన్నతుల్లో కోటా పెట్టమని నేను అడగడం లేదు. అది పెడితే ‘కోటాలో వచ్చింది’ అన్న మాట జీవితాంతం మోయవలసి వస్తుందని నా అభిప్రాయం. ఇందులో నాతో ఏకీభవించని స్నేహితురాళ్లు చాలామంది ఉన్నారు.

నేను కోరేది ఇంత మాత్రమే. అంగీకారం అడిగే ముందు ఖాళీల జాబితా ఊళ్ల పేర్లతో సహా ప్రకటించాలి, ఉపాధ్యాయులకు జరిపినట్టు కౌన్సెలింగులో సీనియారిటీ ప్రకారం కోరుకోనివ్వాలి. సమాధానానికి కనీసం పదిహేను రోజుల గడువు ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే చోట వేసే సౌలభ్యాన్ని బదిలీలకే గాక పదోన్నతి మీద ఇచ్చే పోస్టింగులకు కూడా కచ్చితంగా అమలు చేయాలి. చిన్న పిల్లల పెంపకం వల్ల వద్దన్నవారికి కొన్నేళ్ల తర్వాత తమ సీనియారిటీ స్థానం నుంచే మళ్లీ అడిగే హక్కు ఉండాలి. ముద్రించిన అనంగీకార పత్రాలను నిషేధించి, ఎవరి కారణం వారి చేతిరాతలో తీసుకోవాలి. అప్పుడు ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటల వెనక ఏముందో శాఖలకే తెలుస్తుంది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లా కేంద్రాల్లోని మీ విలేఖరులు సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖనూ నాలుగు అంకెలు అడగగలరు: గత ఐదేళ్లలో పదోన్నతికి అర్హులైన వారు ఎందరు, ఇస్తామని అడిగింది ఎందరిని, వద్దన్నది ఎందరు, చేరింది ఎందరు, ప్రతి అంకెనూ స్త్రీలు, పురుషులుగా విడదీసి. ఈ వివరాలన్నీ ప్యానెల్ ఫైళ్లలో ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా ఎవరూ సేకరించనక్కర్లేదు. పాత ఎస్టాబ్లిష్‌మెంటు మనిషిగా చెబుతున్నాను, ఒక శాఖకు సంబంధించిన ఆ పట్టిక తయారుచేయడం ఒక సీనియర్ అసిస్టెంటుకు రెండు రోజుల పని. సమాధానం రాదేమో, అప్పీలుకు వెళ్లవలసి వస్తుందేమో. దరఖాస్తు మాత్రం వచ్చే ప్యానెల్ సంవత్సరం మొదలయ్యేలోగా పెడితే బాగుంటుంది, ఎందుకంటే ఈసారి జాబితాలో ఉన్నవాళ్లను అడిగే ఫోన్లు అప్పటికి ఇంకా మొదలై ఉండవు.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
అనంతపురం